కాశీలో ఎవరూ వదలని తీపి

కాశీకి వెళ్లొచ్చినవాళ్లను తెలుగు ఊళ్లలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘‘ఏం వదిలేశారు?’’ గంగలో మునిగి ఒక కాయ, ఒక పండు వదిలేసి రావడం ఆనవాయితీ. జవాబులు వింటే నవ్వొస్తుంది. ఎక్కువమంది వదిలేది కాకరకాయో, పొట్లకాయో, ఏళ్ల తరబడి ఇంటి గడప తొక్కని వెలగపండో అయి ఉంటుంది. మామిడిపండు వదిలేసిన మనిషి ఊరికొకరుంటే ఆ సంగతి మనవల దాకా చెప్పుకుంటారు. బెల్లం పాకం తగిలినదేదీ ముట్టనని గంగకు చెప్పి వచ్చినవాళ్లు అంతకన్నా అరుదు. ఇష్టమైనదాన్ని వదిలి చూడమన్నది ఆ ఆచారం వెనక ఉన్న ఆలోచన. అక్కర్లేనిది గంగపాలు చేసి, ఇష్టమైనదాన్ని భద్రంగా ఇంటికి తెచ్చుకోవడం మన తెలివి.

ఆ తెలివి సంగతి వంటింటి అలమరలోని స్టీలు డబ్బాకు బాగా తెలుసు.

సంక్రాంతి వెళ్లి వారమైంది. రాత్రి పదిన్నర. యాభై దాటిన ఇంటాయన మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వస్తాడు. డబ్బా మూత చప్పుడు కాకుండా తీయడం ఒక విద్య: ఒక అరచేత్తో మూతను అదిమిపెట్టి, రెండో చేతి బొటనవేలితో అంచును కొద్దికొద్దిగా ఎత్తాలి. అరిసె మొత్తం తీయడు, సగం తుంచుతాడు. తుంచినచోట రాలిన నువ్వుల్ని వేలు తడిచేసుకుని అద్దుకుంటాడు. మూత పెడతాడు, లైటు ఆర్పుతాడు, హాలు దాకా వెళతాడు. మిగిలిన సగం ఒంటరిదైపోయిందని అక్కడ గుర్తొస్తుంది. వెనక్కి వస్తాడు. పొద్దున నడకనుంచి వచ్చి తూకం యంత్రమెక్కి, అంకె చూసి నిట్టూర్చి, డైరీలో రాసుకున్నది కూడా ఆ చెయ్యే.

ఆయనకు తెలియనిదేమీ లేదు. డాక్టరు చెప్పారు, కూతురు చెప్పింది, ఫోను రోజూ చెబుతోంది. తెలిసీ ఎందుకు తిన్నాడు? చూడటానికి వంటింటి దొంగతనంలా ఉన్న ఈ సంగతి మీద తత్వవేత్తలు రెండున్నర వేల ఏళ్లుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు.

సోక్రటీసు అయితే ఆ ‘తెలిసీ’ అన్న మాటనే ఒప్పుకోడు. చెడని నిజంగా తెలిస్తే ఎవడూ చెయ్యడని ఆయన వాదం. ప్లేటో రాసిన ‘ప్రొటాగొరస్’ సంభాషణలో దానికో కారణం కూడా చెబుతాడు: దగ్గరున్న వస్తువు కంటికి పెద్దగానూ, దూరాన ఉన్నది చిన్నగానూ ఆనినట్టే, చేతికందే సుఖం పెద్దదిగా, రేపటి కష్టం చిన్నదిగా తోస్తాయి, మనిషి ఓడేది ఆ కొలతలో. అరిసె అడుగు దూరంలో ఉంది, మోకాళ్ల నొప్పి పదేళ్ల దూరంలో ఉంది. లెక్క తప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

అరిస్టాటిల్‌కు ఈ జవాబు చాల్లేదు. ‘నికోమాకియన్ ఎథిక్స్’ ఏడో భాగంలో ఆయన ఈ చిక్కుముడిని విప్పడానికి కూర్చుని, ఉదాహరణ కోసం ఎక్కడెక్కడో వెతక్కుండా తీపి వస్తువునే ఎత్తుకున్నాడు. తినకూడదన్న సాధారణ నియమం మనసులో ఒక పక్క ఉంటుంది, తీపి రుచిగా ఉంటుందన్న మాట మరో పక్క ఉంటుంది. ఎదురుగా ఉన్నది తీపే అని కన్ను చెప్పగానే కోరిక రెండోదాన్ని పట్టుకుని లేస్తుంది. ఆ క్షణంలో మొదటిది మనిషికి తెలిసీ తెలియనట్టే. అలాంటివాణ్ని నిద్రలో ఉన్నవాడితోనూ, తాగి ఎంపెడోక్లిస్ పద్యాలు వల్లించేవాడితోనూ పోల్చాడు అరిస్టాటిల్. ఎడమచేత్తో కాజా పట్టుకుని, కుడిచేత్తో ‘‘ఇందులో ఎన్ని కేలరీలో తెలుసా!’’ అని ఫోను చూపించే బంధువు ప్రతి పెళ్లిలోనూ కనిపిస్తాడు. పద్యం తప్పులేకుండానే వస్తోంది, మనిషే తాగి ఉన్నాడు.

మన చరకుడు దీనికి పెట్టిన పేరు ప్రజ్ఞాపరాధం. ధీ, ధృతి, స్మృతి అనే మూడూ చెదిరినప్పుడు మనిషి చేసే తప్పు పని అది. ధీ అంటే మంచీచెడ్డా తెలియడం, ధృతి అంటే మనసును పట్టి ఆపే బిగువు, స్మృతి అంటే తెలిసినది అవసరమైన వేళకు గుర్తుండటం. మనం సాధారణంగా ధృతి ఒక్కటే లేదని ఏడుస్తాం. ‘‘నాకు విల్‌పవర్ లేదండీ’’ అనేది ఊబకాయం మాట వచ్చిన ప్రతిచోటా వినిపించే మాట. చరకుడు స్మృతిని పక్కనే నిలబెట్టడం గమనించాలి. చాలాసార్లు పోయేది బిగువు కాదు, జ్ఞాపకం. అదే చరకుడు అతిస్థూలతకు కారణాలు చెబుతూ బరువైన, తియ్యని, జిడ్డున్న తిండి అతిగా తినడం, ఒళ్లు వంచకపోవడం, పగటి నిద్ర అంటూ వచ్చి, చివర బీజస్వభావం అనే మాట కూడా చేర్చాడు. అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చేది. లావుగా ఉన్న ప్రతివాడినీ తిండిపోతని తీర్పు చెప్పేవాళ్లు ఆ ఒక్క మాట దగ్గర ఆగితే మేలు.

లెక్కలు కూడా ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే తత్వం చెప్పుకుంటూ అరిసెలు తినేయడం మనకు కొత్త కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం, కలుపుకునే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదు. 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ఆ 5 శాతం దాదాపు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. రెండేసి చెంచాల పంచదారతో మూడు కప్పుల టీ తాగితే కోటా అయిపోయింది, డబ్బా మూత ఇంకా తెరవనే లేదు. 40 గ్రాముల సున్నుండలో మూడో వంతు బెల్లమే అనుకున్నా 13 గ్రాములు. ‘‘బెల్లమే కదా, పంచదార కాదుగా’’ అనే ఓదార్పు ఇక్కడ పనికిరాదు. కేలరీల లెక్కలో బెల్లానికీ పంచదారకూ పెద్ద తేడా లేదు. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్లమంది దాని ముంగిట ఉన్నారని అంచనా కట్టింది. కాబట్టి నాలుక ప్రశ్న మోక్షం కోరేవాళ్లకు మాత్రమే సంబంధించినది కాకుండా పోయింది.

మోక్షం కోరేవాళ్లు మాత్రం నాలుకకు మొదటినుంచీ భయపడ్డారు. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత యదు మహారాజుకు తన ఇరవైనలుగురు గురువుల గురించి చెబుతాడు. అందులో చేప ఒకరు. గాలానికి గుచ్చిన ఎర రుచికి ఆశపడి ప్రాణం పోగొట్టుకునే చేప నుంచి ఆయన నేర్చుకున్న పాఠం చిత్రమైనది: ఉపవాసం ఉంటే మిగతా ఇంద్రియాలన్నీ నీరసించి లొంగుతాయి, నాలుక ఒక్కటి మాత్రం ఇంకా పదునెక్కుతుంది. గీత రెండో అధ్యాయం కూడా దాదాపు ఇదే అంటుంది: తిండి మానినవాడికి పదార్థాలు దూరమవుతాయి గాని రుచి మీది మమకారం దూరం కాదు. ఏకాదశి నాడు కటిక ఉపవాసం చేసి, ద్వాదశి పారణకు ఏమేం వండాలో రాత్రంతా ఆలోచించినవాళ్లకు ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. సోమవారం నుంచి తీపి బంద్ అని ఆదివారం రాత్రి డబ్బా ఖాళీ చేసేవాళ్లకూ అక్కర్లేదు.

మరి దారి ఏమిటి? బలవంతంగా బిగబట్టడం పనికిరాదని శాస్త్రమే చెబుతుంటే, ఇంట్లో ఉన్న మనిషి ఏం చెయ్యాలి?

దీనికి అన్నింటికన్నా చక్కటి జవాబు ఒక రాజుగారి కథలో ఉంది. బౌద్ధుల పాళీ గ్రంథం సంయుత్త నికాయంలో, కోసల రాజు ప్రసేనజిత్తు పేరిట ఉన్న సూత్రాల్లో అది కనిపిస్తుంది. పాళీలో ఆయన పసేనది. శ్రావస్తిలో ఒకరోజు ద్రోణం కొలత అన్నం తిని, భుక్తాయాసంతో రొప్పుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. బుద్ధుడు ఆయనకు కర్మసిద్ధాంతం చెప్పలేదు, తిట్టలేదు, ఉపవాసం విధించలేదు. ఎరుకతో మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయి, ముసలితనం మెల్లగా వస్తుంది, ఆయువు నిలుస్తుంది అన్న అర్థం వచ్చే చిన్న గాథ ఒకటి చెప్పాడంతే. ఇక్కడిదాకా అయితే ఇది మామూలు ఉపదేశం. తర్వాత రాజు చేసిన పనిలో ఉంది విశేషం. తన వెనక నిలబడి ఉన్న సుదర్శనుడనే కుర్రవాణ్ని పిలిచి, ‘ఈ గాథ నేర్చుకుని, నాకు అన్నం వడ్డించినప్పుడల్లా చెప్పు’ అన్నాడు. అందుకు రోజుకు వంద కహాపణాల, అంటే ఆనాటి నాణేల, జీతం కూడా ఏర్పాటు చేశాడు.

రాజుకు తన మీద తనకు నమ్మకం లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. గాథ తనకూ వచ్చు, కానీ పళ్లెం ముందుకొచ్చాక గుర్తుండదు. కాబట్టి తన స్మృతిని మరొకరి నోట్లో దాచుకున్నాడు. ధమ్మపదానికి వ్యాఖ్యానమైన అట్ఠకథ ఈ కథకు ఇంకొన్ని వివరాలు జోడిస్తుంది: భోజనం చివరి ముద్ద దగ్గర గాథ చెప్పాలి, రాజు ఆ ముద్ద వదిలెయ్యాలి, ఆ ముద్దలో ఎన్ని మెతుకులున్నాయో అంత బియ్యం మర్నాడు తగ్గించి వండాలి. ఒకేసారి సగానికి సగం కోత పెట్టలేదు, ఒక్కొక్క ముద్ద చొప్పున దిగారు. కొన్నాళ్లకు రాజు నాళిక అన్నానికి వచ్చాడు. మన పాత కొలతల్లో చెప్పుకుంటే కుంచం నుంచి సోలకు దిగినట్టు. ఒళ్లు తేలికపడ్డాక ఆయన తన చేతులూ కాళ్లూ తానే నిమురుకుంటూ, బుద్ధుడు తనకు ఇహానికీ పరానికీ కూడా మేలు చేశాడని సంబరపడ్డాడట. బరువు తగ్గి అద్దంలో చూసుకుని మురిసిపోయే మనిషిని ఒక మతగ్రంథం ఇంత ఆప్యాయంగా చూపించడం అరుదు.

ఇదే బుద్ధుడు, జ్ఞానం కలగకముందు, ఎముకలగూడుగా మారేదాకా తిండి మానేసి, అది దారి కాదని తెలుసుకుని, సుజాత తెచ్చిన పాయసం తిన్నాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. రాజుకు అన్నం తగ్గించుకునే మాట చెప్పినాయన తన విషయంలో పాయసం వద్దనలేదు. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం అనడంలోనూ ఈ తూకమే ఉంది. తీపి చూస్తేనే వణికిపోయే స్థితి కూడా ఒక జబ్బే. దాన్ని నిగ్రహమని పొగడకూడదు.

రామకృష్ణ పరమహంస చెప్పిన వైద్యుడి కథ ఇంకో మూలనుంచి వెలుగు వేస్తుంది. ఒక వైద్యుడు రోగికి మందిచ్చి, పథ్యం సంగతి మరోరోజు వస్తే చెబుతానన్నాడు. పక్కనున్నవాడికి అర్థం కాలేదు. వైద్యుడు చెప్పిన కారణం ఇది: ఆ రోజు ఆయన గదిలోనే బెల్లం కుండలున్నాయి. వాటి పక్కన కూర్చుని బెల్లం తినకు అంటే రోగి నమ్ముతాడా? కుండలు తీయించాక చెబితే మాటకు విలువ ఉంటుంది. ఇదే కథ కాస్త మార్పుతో, తల్లి, బెల్లం తినే పిల్లవాడు, ఒక మహాత్ముడు అంటూ రకరకాల పేర్లతో వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. రామకృష్ణుల సంభాషణల సంపుటి ‘కథామృతం’లోని రూపంలో కుండలు గదిలో ఉండటమే కీలకం. పిల్లల లావు గురించి బెంగపడుతూ, వాళ్ల కళ్లెదుటే గులాబ్‌జామ్ గిన్నె అడుగు గీకే తండ్రులకు ఇది తగలాలి. చెప్పిన రామకృష్ణులు తీపికి విరోధి కూడా కాదు. జిలేబీ అంటే ఆయనకు మహా ఇష్టం. కడుపు నిండిపోయిందన్నాక కూడా జిలేబీకి చోటుంటుందని, జనంతో కిటకిటలాడే వీధిలో లాట్ సాహెబు బండి వస్తే దారి దానంతటదే ఏర్పడదా అని ఆయన నవ్వించేవారని చెబుతారు. 1980ల తొలినాళ్లలో పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం దీన్ని ప్రయోగాలతో చూపించింది: ఒక రుచితో మొహం మొత్తినా వేరే రుచి మీద కోరిక అలాగే ఉంటుంది. పులిహోర వద్దన్నవాడు బొబ్బట్టుకు చెయ్యి చాపడం అబద్ధపు ఆకలి కాదు, నాలుక అలా తయారైంది.

గాంధీగారి దారి మరింత కరకు. ఆశ్రమ వ్రతాల్లో ‘అస్వాదం’ ఒకటి. తిండిని మందులా చూడాలని, రుచి కోసం తినకూడదని దాని సారం. మామూలు సంసారికి ఇది అక్కర్లేని భారం అనిపిస్తుంది. ఉగాది నాడు ఆరు రుచులు కలిపి దేవుడికి పెట్టే జాతికి రుచిని శత్రువుగా చూడమంటే అతకదు. కానీ ఆత్మకథలో ఆయన చెప్పిన ఒక సంఘటన ఈ వాదన మొత్తం కన్నా బరువైనది. దక్షిణాఫ్రికాలో కస్తూర్బా జబ్బుపడినప్పుడు, ఉప్పూ పప్పులూ మానమని ఆయన బతిమాలారు. చెబితే మీరు మాత్రం మానగలరా అని ఆవిడ అడిగారు. గాంధీ ఆ క్షణాన్నే ఏడాదిపాటు రెండూ మానేస్తున్నానని ప్రకటించారు. ఆవిడ కంగారుపడి తాను మానేస్తానని, ఆయన మాట వెనక్కి తీసుకోమని వేడుకున్నారు. ఆయన తీసుకోలేదు. ఇందులో మొండితనం ఉంది, భార్యను ఇరకాటంలో పెట్టిన భర్త ఉన్నాడు, ఒప్పుకోవాల్సిందే. అయినా, రోగి ఒక్కర్తినే చప్పిడి కూటికి వదిలేసి తాను పక్కనే కూర్చుని అన్నీ లాగించే సుఖాన్ని ఆయన తీసుకోలేదు.

రాజూ సుదర్శనుడూ, వైద్యుడూ కుండలూ, గాంధీ ఉప్పూ. మూడు కథల్లోనూ ఎవడూ ఒంటరిగా నాలుకతో కుస్తీ పట్టి గెలవలేదు. పక్కవాళ్లు మారారు, లేదా గది మారింది. జైనుల ఆయంబిల్ వ్రతం చూసినా ఇదే తెలుస్తుంది. చైత్రంలో, ఆశ్వయుజంలో తొమ్మిదేసి రోజులు రోజుకొక్కపూటే, పాలు పెరుగు నెయ్యి నూనె బెల్లం ఏదీ తగలని చప్పటి తిండి తింటారు. అందుకోసం ప్రత్యేకంగా ఆయంబిల్ శాలలుంటాయి. వరసగా కూర్చున్న అందరి పళ్లెంలోనూ అదే ఉడకబెట్టిన తిండి. రంజాన్‌లో ఇల్లంతా, వీధంతా పగలు నోరు కట్టేసుకుంటుంది కనుకే ఒక్కొక్కరి ఉపవాసం సాగుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ పిల్లల ముందు మిఠాయి పెట్టి చేసిన ప్రసిద్ధ ప్రయోగాల్లోనూ, మిఠాయి కనబడకుండా మూసినప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. ఆ ఓర్పు పెద్దయ్యాక వాళ్ల జీవితాన్నే నిర్ణయిస్తుందన్న ప్రచారం తర్వాత చాలావరకు వీగిపోయింది. 2018లో మరింతమంది పిల్లల మీద చూస్తే, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం బాగా పలచబడింది. ఇక్కడ కూడా తేడా తెచ్చింది ఇల్లే.

తెలుగిళ్లలో మాత్రం నిగ్రహం ఒంటరి పని. చుట్టూ ఉన్నవాళ్ల పని కొసరడం. ‘‘ఒక్కటే కదా, ఏం కాదు తినవయ్యా’’, ‘‘మీకోసమని నేతిలో చేశానండీ’’, ‘‘వదినా, నా మీద ఒట్టు’’. వద్దన్నవాడు మర్యాద తెలియనివాడవుతాడు. తిన్నవాడు రేపు ఇదే గదిలో ‘‘ఏంటి, బాగా ఒళ్లు చేశావు’’ అన్న పలకరింపు వినాలి. పెట్టిన నోరూ, వెక్కిరించిన నోరూ చాలాసార్లు ఒక్కటే.

ప్రసాదం దగ్గర ఈ ఇరకాటానికి దేవుడు కూడా తోడవుతాడు. తిరుమల చిన్న లడ్డు బరువు దాదాపు 175 గ్రాములు. వద్దంటే అపచారమేమోనని, తింటే చక్కెరేమోనని రెండు భయాలు. దీనికి జవాబు అదే గుడిలో, అదే పూజారి చేతిలో ఉంది. తీర్థం ఉద్ధరిణితో పోస్తారు. ఇంకో గ్లాసు పొయ్యమని ఎవరూ అడగరు, చుక్క తక్కువైందని పుణ్యం తగ్గిందనుకోరు. లడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం భక్తి గ్రాముల్లోకి మారిపోతుంది. కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుని, మిగిలింది ఇరుగుపొరుగుకు పంచిన పాతకాలపు ముసలమ్మలకు మధుమేహం అంకెలు తెలియవు గాని ప్రసాదం అంటే తెలుసు. అన్నవరం ప్రసాదం విస్తరాకు పొట్లం విప్పి ఒక్కరే చివరిదాకా తినడం భక్తి కింద జమ కాదు, ఫలహారం కింద జమ.

పొట్ట మాట వస్తే వినాయకుణ్ని దాటి పోలేం. చవితి నాడు ప్రతి ఇంట్లో చదివే వ్రతకథలో ఆయన కుడుములూ ఉండ్రాళ్లూ కడుపారా తిని, తల్లిదండ్రులకు వంగి దండం పెట్టలేక అవస్థపడతాడు. అది చూసి చంద్రుడు నవ్వుతాడు. ఆ కథలో శాపం తిన్నవాడికి తగల్లేదు, నవ్వినవాడికి తగిలింది. ఏటా అక్షతలు పట్టుకుని విని, తల మీద వేసుకుని, లేచిన పావుగంటలో లావుగా ఉన్న మేనల్లుణ్ని చూసి జోకులు వేసుకునే మనుషులం.

కాబట్టి ఈ దసరాకో దీపావళికో ఒక చిన్న పని చేసి చూడండి. ఇంట్లో బరువు తగ్గాల్సినవాళ్లుంటే డబ్బా కంటికి ఆనని పై అటకకు ఎక్కించండి, కిలో చేసేచోట పావుకిలో చేయండి, పండగనాడు అందరూ కలిసి కూర్చుని తినండి. ముఖ్యంగా, ఎవరైనా ‘‘చాలు’’ అంటే విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టేదాకా ఆగకుండా, ఆ మాటకే గరిటె వెనక్కి తీసుకోండి. సుదర్శనుడికి రోజుకు వంద కహాపణాలు ముట్టేవి. ఇంట్లోవాళ్లు దీన్ని జీతం లేకుండానే చెయ్యాలి.